పెదాలు కలవని చదువు

ఆ బడిలో మూడో తరగతి టీచరమ్మకు పిల్లలు చాటుగా పెట్టుకున్న పేరు గంట టీచర్. ఆమె తన గదిలో "కూర్చోండి" అంటే రెండు గదుల అవతల ఒకటో తరగతి పిల్లలు కూడా గబుక్కున కూర్చునేవారని బడిలో చెప్పుకుని నవ్వుకునేవారు. మొదట్లో ఆమెది అంత పెద్ద గొంతు కాదు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అత్తగారు, "కాస్త నోరు తెరిచి చెప్పమ్మా, నీ మాట నీ కొంగుకే వినపడుతోంది" అని ఆటపట్టించేది. చెవులు తగ్గుతున్నకొద్దీ గొంతు పెరిగింది. ఆ సంగతి బడిలో ఎవరికీ తెలియదని ఆమె అనుకునేది.

చెవుడంటే ఆమెకు చిన్నప్పటినుంచీ భయం. వాళ్ళ నాన్న బట్టల మిల్లులో మరమగ్గాల మధ్య పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. నలుగురూ నవ్వుతుంటే తనూ నవ్వేవాడు, కాని అందరికన్నా కాస్త ఆలస్యంగా. ఆ ఆలస్యం చూసి మళ్ళీ నవ్వేవారు. చెవిటి మాలోకం అని ముఖం మీదే అనేవారు. ఒకసారి హెచ్చరిక కేక వినపడక యంత్రం కింద చెయ్యి పడబోయిందట. మిల్లువాళ్ళు ఆయన్ను మగ్గం దగ్గరనుంచి తీసేసి ఆవరణ ఊడ్చే పనిలో పెట్టారు. మొదటిరోజు ఆయన చీపురు పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉండగా బడినుంచి వస్తున్న కూతురు చూసింది. ఆయన ముఖం తిప్పుకున్నాడు.

అందుకే ఆమె డాక్టరు గడప తొక్కలేదు. సిటీ బస్సు నడిపే భర్త ఎన్నోసార్లు చెప్పి చూశాడు. "మన ఇంట్లో రహస్యం అనేదే లేకుండా పోయింది. నువ్వు నాతో గుసగుసగా ఏదో చెబితే ఎదురింటావిడ జవాబిస్తోంది. ఒక్కసారి చూపించుకుందాం పద" అనేవాడు.

"నా చెవులకేం, నిక్షేపంగా ఉన్నాయి. మీరే నోట్లో నోట్లో గొణుగుతారు" అనేది ఆమె. కొన్నాళ్ళకు అతను చెప్పడం మానేశాడు.

తరగతిలో నెట్టుకురావడానికి ఆమె దగ్గర చాలా ఉపాయాలుండేవి. కుర్చీని ఎప్పుడూ కిటికీకి వీపు పెట్టి వేసుకునేది. అప్పుడు వెలుగు పిల్లల ముఖాల మీద పడి పెదాల కదలిక తెలిసేది. ఒకరు జవాబు చెబితే "ఏం చెప్పాడో అందరూ అనండి" అనేది. తరగతంతా కలిసి అరిస్తే వినపడేది. ఎవరైనా చదువుతుంటే పక్కపిల్లల ముఖాలు చూసేది. వాళ్ళు నవ్వితే తప్పు చదివినట్టు, ఊరుకుంటే సరిగా చదివినట్టు. ఆ లెక్క మీద "బాగుంది, కూర్చో" అనేది. ఒకటో తరగతిలో చేరిన పిల్లలను మూడో తరగతి దాటేదాకా ఒకే టీచరు నడిపించడం ఆ బడి పద్ధతి. కాబట్టి ఆ పిల్లల ముఖాలు ఆమెకు కొట్టిన పిండి.

వాళ్ళలో ఒక పిల్లను అందరూ పిచ్చుక అనేవారు. మనిషీ పిసరంత, మాటా పిసరంత. పక్క బెంచీకి కూడా వినపడని గొంతు. చూచిరాత మాత్రం ముత్యాల్లా ఉండేది. విన్న కథ ఏదైనా పొల్లుపోకుండా గుర్తుండేది. చక్కటి పిల్ల, చక్కగా చదువుతోంది అని టీచరమ్మ ఆ పిల్ల తల్లికి ఎప్పుడూ చెబుతూ వచ్చింది.

ఏడాది చివరి భాగం మొదలైంది. ఆ బడిలో పిల్లలు ఎక్కువ ఇష్టపడేది ఆ రోజులనే. పుస్తకం పాఠాలు తగ్గి చేతిపనులు పెరుగుతాయి. గాజుసీసాల్లో తడి దూది పెట్టి చిక్కుడు గింజలు నాటారు. వేరు ముందు వస్తుందా మొలక ముందు వస్తుందా అని పందేలు వేసుకున్నారు. అట్టముక్కలతో గడియారాలు చేశారు. తాడుకు ముళ్ళు వేసి ఆవరణ కొలిచారు. ఒక జట్టు లెక్క ప్రకారం బస్సు డిపోకన్నా వాళ్ళ బడే పెద్దదని తేలింది. ఒకరోజు బల్లలన్నీ గోడకు జరిపి నేలమీద సుద్దతో బడి ముందున్న వీధి పటం గీశారు. ఏ కొట్టు పక్కన ఏ కొట్టు ఉందో ఎవరికీ సరిగా గుర్తురాలేదు. పిచ్చుక పక్కపిల్ల చెవిలో చెబుతూ పోయింది, ఆ పిల్ల పైకి అరిచింది. మంగలి షాపు, దాని పక్కన సైకిళ్ళ రిపేరు, తర్వాత మూతపడ్డ ఫోటో స్టూడియో, తర్వాత మందుల షాపు. అన్నీ వరసగా ఉన్నాయి. టీచరమ్మ ఆ పిల్ల తల నిమిరింది.

ఆ వారంలోనే టీచర్ల సమావేశం జరిగింది. పెద్ద టీచర్ కిటికీ వైపు తిరిగి ఏదో చాలాసేపు చెప్పింది. అందరూ తల ఊపారు, టీచరమ్మ కూడా ఊపింది. మర్నాడు నాలుగో తరగతి మాస్టారు వరండాలో ఎదురై, "మీ పిల్లల చదువు వినడానికి ఎప్పుడు రమ్మంటారండీ?" అని అడిగాడు.

"మా పిల్లల చదువు మీరెందుకు వినడం?"

"నిన్న మేడమ్ చెప్పారు కదండీ! ఈసారి ఎవరి తరగతికి వాళ్ళు కాకుండా పై తరగతి వాళ్ళు పరీక్ష పెట్టాలని. ఒక్కొక్కరిచేత కొత్త పేజీ చదివించాలట. మీరూ సరే అన్నారుగా?"

"ఆఁ, అవునవును. మరిచిపోయాను" అందామె. 

మరుసటి రోజునుంచి ఆమె పిల్లలను ఒక్కొక్కరినే తన బల్ల దగ్గరికి పిలిచి, ఇంతకుముందు చూడని పేజీలు ఇచ్చి చదివించడం మొదలుపెట్టింది. పక్కన వేరే పిల్లలు లేరు, చూడ్డానికి వాళ్ళ ముఖాలు లేవు. చదివే నోరు ఒక్కటే ఉంది. చెవులు మొరాయించేకొద్దీ ఆమె కళ్ళు పదునెక్కాయి. పేజీ తన ముందు కూడా పెట్టుకుని అక్షరానికి, పెదవికి జత కలుపుతూ చూసేది.

పిచ్చుక వంతు వచ్చింది. పేజీలో మొదటి వాక్యం, "బామ్మ బొమ్మను పెట్టెలో పెట్టింది." పిచ్చుక పుస్తకం తిన్నగా పట్టుకుని పెదాలు కదపసాగింది. టీచరమ్మ చూస్తోంది. ప, బ, మ పలకాలంటే రెండు పెదాలూ కలవాలి. ఆ ఒక్క వాక్యంలో ఎన్నిసార్లు కలవాలి! పిచ్చుక పెదాలు ఒక్కసారి కూడా కలవలేదు. నీళ్ళలో చేప నోరులా తెరుచుకుంటూ, చిన్నదవుతూ, మళ్ళీ తెరుచుకుంటూ పోతున్నాయి. పిల్ల వేలు మాత్రం వాక్యం కింద పద్ధతిగా జరుగుతోంది. వాక్యం చివరికి రాగానే పేజీ మీద నుంచి చూపెత్తి, ఎప్పటిలాగే "బాగుంది, కూర్చో" అంటుందని ఎదురుచూసింది.

టీచరమ్మ పేజీ వైపు, పిల్ల పెదాల వైపు మళ్ళీ చూసింది. "బాగుంది, కూర్చో" అంది. అలవాటుగా నోటినుంచి వచ్చేసింది.

మధ్యాహ్నం గంట కొట్టాక మిగతా పిల్లలు ఆడుకోవడానికి పోయారు. పిచ్చుకను ఆగమంది. బోర్డు మీద ఒక్కో అక్షరమే రాసింది. కొన్నిటిని పిల్ల గుర్తుపట్టింది. గుణింతాల దగ్గర ఆగిపోయింది. తన పేరు చదివింది, పక్కపిల్ల పేరు చదివింది. అంతే. ముత్యాల్లాంటి ఆ చూచిరాత అంతా ఆ పిల్ల బొమ్మలు గీసినట్టు గీసిందే.

"ఎన్నాళ్ళనుంచి ఇలా చేస్తున్నావే?" అంది టీచరమ్మ.

పిల్ల ఏదో చెప్పింది. ఆమె వంగి చెవి దగ్గరగా పెట్టింది. ఊపిరి వెచ్చగా తగిలింది కాని మాట అందలేదు. ఇక దాచి లాభం లేదనిపించింది. కుర్చీ లాక్కుని పిల్ల ఎదురుగా కూర్చుని, "నాకు సరిగా వినపడదమ్మా. కాస్త గట్టిగా చెప్పు" అంది. జీవితంలో ఆ మాట ఎవరితోనైనా అనడం అదే మొదలు.

పిచ్చుక ఆశ్చర్యపోలేదు. ఈసారి నోరంతా తెరిచి చెప్పింది. "నాకు తెలుసు టీచర్. మీకు వినపడదనే పెదాలు కదిపాను. రెండో తరగతిలో ఒకసారి చదవలేక ఊరికే కదిపితే మీరు బాగుందన్నారు."

తిట్టడానికి ఆమెకు నోరు రాలేదు. ఆ పిల్ల ముఖంలో పొగరు లేదు, భయం కూడా పెద్దగా లేదు. వాన పడింది, గొడుగు వేసుకున్నాను అన్నంత మామూలుగా చెప్పింది.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం ఆ పిల్లను కూర్చోబెట్టుకుంది. పరీక్షలోపు ఎలాగైనా గట్టెక్కించాలని ఆమె తాపత్రయం. పిల్లను గట్టెక్కించాలనా, తను గట్టెక్కాలనా అని అడిగితే ఆమె కూడా చెప్పలేకపోయేది. పిల్ల చదువుతుంటే తనకు వినపడదు. చదివింది తప్పో ఒప్పో పెదాలు చూసి ఊహించాలి. త, ద, న పలికినప్పుడు పెదాల్లో తేడా ఏముంటుంది? "దారి" అందో "తారి" అందో "నారి" అందో ఆమెకు తెలిసేది కాదు. తప్పు చదివినా సరేననేసిందేమో, ఒప్పు చదివినా మళ్ళీ చదవమందేమో. పిల్ల విసిగిపోయింది. ఒకరోజు పుస్తకం మూసేసి, మొలకెత్తిన చిక్కుడు సీసాల దగ్గరికి పోయి నిలబడింది. పిలిచినా రాలేదు.

ఆ సాయంత్రమే టీచరమ్మ పిల్ల తల్లికి కబురు పెట్టింది.

తల్లి దర్జీ కొట్టులో కుట్టుపని చేస్తుంది. పనిలోంచి లేచి వచ్చేసినట్టుంది, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. "ఏమైంది టీచర్? మా పిల్ల ఏమైనా అల్లరి చేసిందా?" అంది నవ్వుతూ.

"మీ అమ్మాయికి చదవడం రాదమ్మా."

"అదేంటి టీచర్! మొన్న కూడా చక్కగా చదువుతోందని మీరే చెప్పారుగా?"

"చెప్పాను. తప్పు చెప్పాను."

తల్లి ముఖంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు, ఎక్కడికి పోవాలో తెలియనట్టు కాసేపు అక్కడే ఉండి మెల్లగా పోయింది. ఆమె తల దించుకుని మాట్లాడసాగింది. కోపమొస్తే గొంతు పెరిగేవాళ్ళు కొందరు, తగ్గేవాళ్ళు కొందరు. ఈమె రెండో రకం. పళ్ళ బిగువున, నేల చూస్తూ మాట్లాడుతోంది. చేతులు టేపును మెలితిప్పుతున్నాయి. టీచరమ్మకు ఒక్క మాటా అందలేదు. చివరికి తల్లి ఆగింది. ఆ ఆగడంలో ఏదో ప్రశ్న ఉందని మాత్రం టీచరమ్మకు అర్థమైంది. మామూలుగా ఇలాంటప్పుడు "అవునమ్మా, చూద్దాం" అని దాటేసేది. ఈసారి చేతకాలేదు.

"ఒక్కసారి మళ్ళీ చెప్పమ్మా" అంది.

తల్లి చివ్వున తలెత్తింది. "వెటకారమా టీచర్? కడుపు మండి నేను మాట్లాడుతుంటే మళ్ళీ చెప్పమంటారా?"

"వెటకారం కాదు. నాకు వినపడలేదు. నాకు చెవులు సరిగా పనిచేయవు, చాలాకాలంగా. మీ అమ్మాయి చదువుతోందో లేదో నాకు వినపడేది కాదు. వినపడినట్టు నటించాను. నా ముఖం చూసి మళ్ళీ తిట్టమ్మా. ఈసారి వింటాను."

తల్లి ఆమెకు ఎదురుగా తిరిగింది. తర్వాత ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. "నేను చిన్నప్పుడే బడి మానేశాను. దాని పుస్తకంలో ఏముందో నాకు తెలియదు. మీరు బాగుందంటే బాగుందనుకున్నాను. మిమ్మల్ని కాక ఇంకెవర్ని అడగాలి నేను?"

అంతా వినపడింది. 

"ఈ మాట పెద్ద టీచర్‌తో మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అంది తల్లి.

"నేనే చెబుతాను. మీరూ రండి."

ఇద్దరూ వరండా వెంట నడిచారు. పెద్ద టీచర్ ఇంటికి బయల్దేరబోతూ సంచీ సర్దుకుంటోంది. ఆమె గట్టి మనిషే కాని కఠినురాలు కాదు. అంతా విని సంచీ కింద పెట్టి కూర్చుంది. "ఈ పిల్ల ఒక్కతేనా, ఇంకెంతమంది ఉన్నారు?" అంది.

"తెలియదు మేడమ్. అదే నా భయం."

"నాతో ముందే ఒక్క మాట అంటే ఏం పోయేది?"

టీచరమ్మ తన తండ్రి సంగతి చెప్పబోయింది. పక్కన నిలబడ్డ తల్లిని చూసి ఊరుకుంది. ఆ తల్లి ముందు అది సాకులాగే ఉంటుందనిపించింది.

మర్నాటినుంచి ఆమెను తరగతిలోకి పంపలేదు, ఆఫీసు పని అప్పగించారు. నాలుగో తరగతి మాస్టారు పిల్లలందరినీ కూర్చోబెట్టి ఓపిగ్గా చదివించాడు. తడబడేవాళ్ళు మరికొందరు తేలారు. ఒక పిల్లాడు దీర్ఘాలన్నీ పొట్టిగా చదువుతున్నాడు. ఎన్నడూ ఎవరూ దిద్దలేదు. ఆ మూడేళ్ళు ఆమె మంచి టీచరని నమ్మిన తల్లిదండ్రులే గేటు దగ్గర గుంపుగా నిలబడి మాట్లాడుకున్నారు. ఒకాయన ఆఫీసు గది కిటికీ దాకా వచ్చి, "మా పిల్లల బతుకులతో ఆడుకున్నారు కదండీ!" అని అరిచాడు. జవాబు పత్రాలు కట్టలు కడుతున్న టీచరమ్మకు ఆ మాట ఏ ఇబ్బందీ లేకుండా వినపడింది.

ఇంటికొచ్చి భర్తతో చెప్పింది. అతను నెమ్మదిగా, "నాకెప్పుడో అర్థమైంది. ఇంకా చెబితే నువ్వు చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాను" అన్నాడు.

ఆమెకు అప్పుడు వచ్చింది కోపం. "మీరు ఊరుకున్నారు. నేను ఊరుకున్నాను. తరగతిలో పిల్లలకు తెలుసట, వాళ్ళూ ఊరుకున్నారు. ఇంతమందిమి ఒకరి మీద ఒకరం ప్రేమ చూపించుకుంటుంటే మధ్యలో ఆ పిల్ల ఏమైపోయిందో చూశారా?"

అతను చెప్పులేసుకున్నాడు. డాక్టరు క్లినిక్ మూసేలోపల వెళ్దాం పద అన్నాడు.

చెవి నరాలు బాగా దెబ్బతిన్నాయని, ముందే వచ్చి ఉంటే వినికిడి మిషన్‌కు చెవి అలవాటుపడటం తేలికయ్యేదని డాక్టరు చెప్పాడు. రెండు చెవులకూ మిషన్లు పెట్టారు. వీధిలోకి రాగానే ఆమె భర్త చేయి గట్టిగా పట్టుకుంది. హారన్లు, షట్టర్లు, ఎవరిదో దగ్గు, తన చెప్పుల చప్పుడు, అన్నీ ఒకే ఎత్తున మీద పడ్డాయి. మనుషుల మాటలు మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్ళు కదిపినట్టు వచ్చాయి. మాట తెలియడానికి నెలలు పడుతుందన్నారు.

బడి మూసేముందు పిల్లలు తమ పనులన్నీ పెద్దవాళ్ళకు చూపించే రోజు వచ్చింది. పెద్ద టీచర్ ఆమెను రమ్మంది. గదిలో వీధి పటం మళ్ళీ గీశారు, గడియారాలు తాళ్ళకు వేలాడదీశారు. చిక్కుడు తీగలు సీసాలు దాటి కిటికీ ఊచలు పట్టుకున్నాయి. వాటి పక్కన పిచ్చుక నిలబడి వచ్చినవాళ్ళకు ఏదో వివరిస్తోంది. చుట్టూ జనం వంగి వింటున్నారు. టీచరమ్మ కనపడగానే పిల్ల నోరు మూసేసి సీసా వెనక్కి జరిగింది. జనం తిరిగి చూశారు. గదిలో మోత చెవుల్లో గిర్రున తిరుగుతోంది. టీచరమ్మ రెండు మిషన్లూ తీసి గుప్పిట్లో పెట్టుకుని బయటికి వచ్చేసింది.

సెలవుల తర్వాత ఆమెకు తరగతి ఇవ్వలేదు. మెట్ల పక్కనున్న చిన్న గది ఇచ్చారు. ఆటసామాను బయట పెట్టించి, ఒక బల్ల, రెండు కుర్చీలు వేశారు. చదవడం రాని పిల్లలు ఏ తరగతివాళ్ళైనా ఒక్కొక్కరే వచ్చి ఆమె దగ్గర కూర్చుంటారు. మోత లేని గదిలో, ఎదురుగా ఒక్క గొంతే అయితే, మిషన్లతో ఆమెకు చాలావరకు అందుతుంది. అందకపోతే "వినపడలేదు, మళ్ళీ చెప్పు" అంటుంది. ఆ మాట రోజులో ఎన్నిసార్లంటుందో! అన్న ప్రతిసారీ లోపల ఏదో కొంచెం ముడుచుకుంటుంది. అయినా అంటుంది.

పిచ్చుకను నాలుగో తరగతిలోకి పంపారు కాని రోజూ ఈ గదికి రావాలన్నారు. తరగతి మధ్యలోంచి లేచి రావడం ఆ పిల్లకు తలకొట్టేసినట్టుండేది. మొదట్లో బల్ల మీద తల వాల్చి కూర్చునేది. కొన్నాళ్ళు గోడకేసి తిరిగి చదివింది, ఆమెకు పెదాలు కనపడకూడదని. టీచరమ్మ గోడకు తగిలి వచ్చిన మాటనే ఏరుకుంది. పిల్ల గొంతు సన్నగా ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకుంది. తీరా వింటే కాస్త బొంగురుగా, పెద్ద తరహాగా ఉంది.

ఒకరోజు పిల్ల హఠాత్తుగా ఇటు తిరిగి, "టీచర్, ఆరోజు మా అమ్మ తిట్టింది మీకు నిజంగానే వినపడలేదా?" అంది.

"మొదటిసారి వినపడలేదు. రెండోసారి వినపడింది."

"రెండోసారి తక్కువ తిట్టిందట. మొదటిసారే బాగా తిట్టానని చెప్పింది."

టీచరమ్మకు నవ్వొచ్చింది. పిల్ల నవ్వలేదు. వేలు పెట్టిన చోటు తప్పిపోయిందని పేజీ మీదికి వంగింది.

ఆ తల్లి బజారులో ఎదురైతే ఇప్పటికీ పలకరించదు. తల ఊపి పక్కనుంచి వెళ్ళిపోతుంది. ఆ ఏడాది ముగిసేసరికి పిచ్చుక కథల పుస్తకం ఒకటి సగం దాకా చదివింది. ఒత్తులు వస్తే ఆగుతుంది, కోపం వస్తే పుస్తకం మూస్తుంది, కాసేపటికి తనే తెరుస్తుంది. చివరిరోజు మాత్రం పుస్తకం సంచీలో పెట్టుకుని, "ఇంటికి తీసుకెళ్తాను" అంది. అడగలేదు, చెప్పింది. టీచరమ్మ సరేనంది. గది తలుపు వేస్తూ చూస్తే పిల్ల అప్పటికే గేటు దాటి, తనకోసం ఆగిన స్నేహితురాళ్ళతో కలిసి వీధి మలుపు తిరుగుతోంది.